తొమ్మిదో తరగతికి ఫార్వర్డ్‌లు, పేపర్లు, యాడ్‌లు చదవడం నేర్పాను: ఆరు నెలల నా అనుభవం

నేను ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక జెడ్పీ హైస్కూల్లో సోషల్ చెప్తాను. 2024 జులైలో అనుమతి అడిగిన దగ్గర్నుంచి డిసెంబరు దాకా తొమ్మిదో తరగతి పిల్లలతో ఒక పని చేశాను. వాళ్ళ కళ్ళ ముందుకొచ్చే వార్త, యాడ్, వాట్సాప్ మెసేజ్ ఎవరు తయారు చేశారు, ఎందుకు చేశారు, ఏది నమ్మొచ్చు అని వాళ్ళంతట వాళ్ళే తేల్చుకునేలా చేయడం. ఎలా మొదలుపెట్టారు, డబ్బులెంతయ్యాయి, హెచ్‌ఎం ఒప్పుకున్నారా, ఊళ్ళో గొడవ కాలేదా అని తోటి టీచర్లు అడుగుతున్నారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

జులై మొదటి వారంలో హెచ్‌ఎం సార్‌ను అడిగాను. ఆయన వెంటనే కాదనలేదు. "బాగానే ఉంది మేడం, కానీ సిలబస్ సంగతేంటి? రేపు ఎవరో వచ్చి ఆ పార్టీ పేపర్ చదివిస్తున్నరంట అంటే నేనేం జవాబు చెప్పాలె?" అన్నారు. ఆయన భయం అర్థం లేనిదేమీ కాదు. ఏ పేపర్ ఎవరి వైపు మాట్లాడుతుందో చాయ్ హోటల్లో కూర్చున్నవాళ్ళు కూడా చెప్పేస్తారు మన దగ్గర. ఆయన ఊ అనడానికి దాదాపు మూడు వారాలు పట్టింది. రెండు విషయాలు కలిసొచ్చాయి. ఒకటి, 2018లో కేరళలోని కన్నూర్ జిల్లాలో అప్పటి కలెక్టర్ మీర్ మొహమ్మద్ అలీ 'సత్యమేవ జయతే' పేరుతో ప్రభుత్వ బడుల్లోనే ఈ పాఠాలు చెప్పించారు. ఆ వార్త ప్రింట్ తీసి ఆయన టేబుల్ మీద పెట్టాను. రెండోది, పిల్లలు చేసేదంతా ఎఫ్‌ఏ (ఏడాది మధ్యలో బడిలోనే మార్కులు వేసే ఫార్మేటివ్ అసెస్‌మెంట్) ప్రాజెక్ట్ వర్క్ కింద చూపిస్తానన్నాను, అంటే సిలబస్‌కు అదనపు భారం ఉండదు. అప్పుడు మూడు షరతుల మీద ఒప్పుకున్నారు: పిల్లలు బడికి ఫోన్ తేకూడదు, పార్టీల గొడవ తరగతిలోకి రాకూడదు, తల్లిదండ్రులకు ముందే చెప్పాలి. వారానికి ఒక పీరియడ్, శనివారం చివరిది, నాకిచ్చారు.

ఫోన్ వద్దన్న షరతు వినగానే నాకు నీరసం వచ్చింది. ఫార్వర్డ్‌ల గురించి చెప్పాలంటే ఫోన్ లేకుండా ఎలా? అందుకని ఒక్కొక్కరికీ పది రూపాయల నోట్‌బుక్ కొనిచ్చి, ఇంట్లో ఫోన్‌కు వచ్చిన మెసేజ్‌లలో నచ్చినవి, భయపెట్టినవి చేత్తో రాసుకొని తెమ్మన్నాను. మెసేజ్ పూర్తిగా, ఒక్క అక్షరం మార్చకుండా. పంపినవాళ్ళ పేరు వద్దు, చుట్టరికం చాలు. వచ్చిన తేదీ, టైము, చదివినప్పుడు ఏమనిపించింది. మెసేజ్ పక్కన బాణం గుర్తు ఒకటి ఉందా, రెండు ఉన్నాయా అన్నది కూడా. రెండు బాణాలుంటే అది చాలా చేతులు మారి వచ్చిందని వాట్సాప్ చెప్తున్నట్టు, అలాంటిదాన్ని 2020 ఏప్రిల్ నుంచి ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తోంది. పిల్లలకు ఈ బాణాలు రోజూ కనిపిస్తున్నాయి గానీ ఎందుకున్నాయో ఒక్కరూ ఆలోచించలేదు.

ఈ నోట్‌బుక్ వల్ల నేను అనుకోని లాభం జరిగింది. ఫోన్లో అయితే రెండు సెకన్లలో చదివి అవతలికి తోసేసే మెసేజ్‌ను కూర్చొని అరపేజీ రాయాల్సి వచ్చేసరికి రాస్తూ రాస్తూనే పిల్లలకు అనుమానాలు మొదలయ్యాయి. "మేడం, ఇందుల డాక్టర్ చెప్పిండు అని ఉంది, ఏ డాక్టరో లేదు." "రేపటి నుంచి అని ఉంది, ఏ తారీఖుకి రేపో లేదు." నేను ఇంకా ఒక్క ముక్క పాఠం చెప్పకముందే. ఫోన్ వద్దన్నందుకు హెచ్‌ఎం సార్‌కు తర్వాత థ్యాంక్స్ చెప్పాను.

ఆగస్టులో యాడ్‌లతో మొదలుపెట్టాను. మీరూ మొదలుపెడితే ఇక్కడి నుంచే మొదలుపెట్టండి. యాడ్‌ను ప్రశ్నిస్తే ఊళ్ళో ఎవరి మనసూ నొచ్చుకోదు, ఏ పార్టీ వాళ్ళూ బడికి రారు. ఇళ్ళల్లో ఖాళీ అయిన ప్యాకెట్లు, డబ్బాలు, సీసాలు తెమ్మంటే సంచుల నిండా తెచ్చారు. సైన్స్ ల్యాబ్ నుంచి భూతద్దాలు, త్రాసు తెచ్చాను. ఒక కూల్‌డ్రింక్ సీసా మీద, 600 మి.లీ.ది, వంద మి.లీ.లో చక్కెర 10.6 గ్రాములు అని ఉంది. మొత్తం ఎంతో లెక్క కట్టమన్నాను. 63 గ్రాముల పైనే. వంటగది నుంచి చక్కెర తెప్పించి త్రాసులో తూచి స్టీల్ గ్లాసులో పోస్తుంటే ముందు బెంచీ పిల్లలు లేచి నిలబడ్డారు. తర్వాత అడిగాను, టీవీలో ఆ యాడ్ చూసినప్పుడు ఏం కనిపించింది? క్రికెటరు, దోస్తులు, ఎండ, నవ్వులు. చక్కెర మాట? ఎవరూ వినలేదు. ఆ రోజు నుంచి తరగతిలో ఒక ప్రశ్న స్థిరపడిపోయింది: "ఇందులో ఏం చెప్పలేదు?"

పాలల్లో కలుపుకునే పొడి డబ్బాల దగ్గర ఇంకా లోతుకు పోయాం. 2024 ఏప్రిల్‌లోనే కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అమ్మకాల సంస్థలకు ఒక సూచన ఇచ్చింది, ఇలాంటి వాటిని 'హెల్త్ డ్రింక్' అనే విభాగంలో పెట్టి అమ్మొద్దని, ఎందుకంటే ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలో హెల్త్ డ్రింక్ అనేదానికి నిర్వచనమే లేదు. అది చెప్పగానే ఒక పిల్ల చాలాసేపు మాట్లాడకుండా కూర్చుంది. వాళ్ళమ్మ కూలి డబ్బుల్లోంచి తమ్ముడి కోసం నెలనెలా ఆ డబ్బా కొంటుందట, తను అడిగితే నీకెందుకే అంటుందట. ఇంటికి పోయి అమ్మను ఏమీ అనొద్దమ్మా, ఆమె మీ తమ్ముడి మీద ప్రేమతోనే కొంటోంది అని చెప్పాను గానీ ఆ రాత్రి నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. యాడ్ ఎవరి జేబులోంచి డబ్బు తీస్తుందో అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు.

ఆగస్టు 31 నుంచి వానలు. సెప్టెంబర్ 2న బడులకు సెలవిచ్చారు. ఖమ్మం మునిగింది, విజయవాడలో బుడమేరు పొంగింది, ప్రకాశం బ్యారేజీకి పడవలు కొట్టుకొచ్చి గేట్లకు తగిలాయి, పదకొండు లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్ళు కిందికి వదిలారు. ఇవన్నీ నిజాలు, టీవీలో అందరూ చూశారు. బడి తెరిచాక నోట్‌బుక్‌లు చూస్తే వరద మెసేజ్‌లే మెసేజ్‌లు. వాటిలో ఒకటి చాలామంది రాసుకొచ్చారు, విజయవాడ వీధుల్లో మొసళ్ళు తిరుగుతున్నాయని. వీడియో నా ఫోన్‌కూ వచ్చింది. ఈ ఒక్కదానికీ హెచ్‌ఎం సార్ అనుమతి తీసుకొని తరగతిలోని డిజిటల్ బోర్డు మీద వేశాను. ఇక్కడొక ప్రాక్టికల్ సంగతి: మన బడుల్లో బోర్డు ఉంటుంది, నెట్ ఉండదు. నా ఫోన్ హాట్‌స్పాట్ పెడితే రోజు డేటా పీరియడ్ మధ్యలోనే అయిపోయింది. అప్పటి నుంచి అన్నీ ముందే డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకునేదాన్ని.

వీడియోను ఆపి ఆపి చూపించాను, ఏమీ చెప్పకుండా. నేనైతే గూగుల్ లెన్స్‌లో, అంటే బొమ్మ పెట్టి అది ఇంకెక్కడ ఉందో నెట్‌లో వెతకడం నేర్పుదామని సిద్ధమై వచ్చాను. వెనక బెంచీలో వాళ్ళ నాన్న డీసీఎం లోడ్ బండి నడిపే పిల్లవాడొకడున్నాడు, "మేడం ఆపండి ఆపండి, ఆ బండి నంబర్ జీజే, ఏపీ కాదు" అన్నాడు. జీజే అంటే గుజరాత్. ఆ వెనకే జీజే 06 అంటే వడోదర అని కూడా వాడే చెప్పాడు, వాళ్ళ నాన్న అటు లోడ్ తీసుకుపోతాడట. ఇంకొకరు షాపు బోర్డు మీద అక్షరాలు తెలుగు కావన్నారు. ఆగస్టు ఆఖర్లో వడోదరలో వరదలొచ్చి మొసళ్ళు ఇళ్ళ మధ్యకు వచ్చిన మాట నిజమే, ఆ వీడియోకు విజయవాడ పేరు తగిలించి వదిలారు. చదువులో ఎప్పుడూ వెనకబడి ఉండే ఆ పిల్లవాడి ముఖం ఆ రోజు వెలిగిపోయింది. కాపీ రైటింగ్ కూడా సరిగ్గా చేయని పిల్లవాడు, ఒక్క నంబర్ ప్లేటుతో తరగతి మొత్తానికి దారి చూపించాడు. అప్పటి నుంచి లెన్స్‌ను చివర్లో చెప్పాను. ముందు కళ్ళు: నంబర్ ప్లేటు, బోర్డు మీది భాష, బట్టలు, ఎండ, యూనిఫాం.

అదే నెలలో 2018 నాటి పిల్లల దొంగల వీడియో గురించి చెప్పాను. మా ప్రాంతం వాళ్ళకు అది బాగా గుర్తు. బైక్ మీద వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకుంటున్న పిల్లవాణ్ణి ఎత్తుకుపోయే వీడియో. నిజానికి అది పాకిస్తాన్‌లోని కరాచీలో పిల్లల భద్రత మీద అవగాహన కోసం తీసింది, చివర్లో పిల్లవాణ్ణి తెచ్చి దింపి బోర్డు చూపిస్తారు. ఆ చివరి ముక్క కత్తిరించి దేశమంతా తిప్పారు, ఊరూ పేరూ తెలియని మనుషుల్ని జనం కొట్టి చంపారు. అప్పట్లో గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి పోలీసుల్ని ఊరూరికీ పంపి, పాటలు కట్టించి మరీ ఇది అబద్ధమని చెప్పించారు. వీడియో సగం చూపించి ఆపి, ఏమనిపించిందో రాయమన్నాను. భయం, కోపం, "వాళ్ళని చంపాలె" అని కూడా రాశారు. తర్వాత మిగతా సగం చూపించాను. క్లాసులో చప్పుడు లేదు. ఒక పిల్ల లేచి, నేను రెండో తరగతిలో ఉన్నప్పుడు మా అవ్వ నన్ను బడికి పంపలేదు మేడం, దీనికేనా, అంది. దీనికే.

ఇక పేపర్లు. పార్టీల గొడవ వద్దన్నారు కాబట్టి జులై 24 నాటి పేపర్లు దాచి ఉంచాను. జులై 23న కేంద్ర బడ్జెట్, అందులో అమరావతికి 15,000 కోట్లు ఏర్పాటు చేస్తామన్నారు. కర్నూల్లో ఉండే మా అక్కను అడిగి ఆంధ్రా ఎడిషన్ తెప్పించాను, ఇక్కడ హైదరాబాద్ ఎడిషన్ కొన్నాను. ఒకే పేపర్, ఒకే రోజు, ఒకే బడ్జెట్. పేరు కనిపించకుండా పైన కాగితం అంటించి, ముందు హెచ్‌ఎం సార్‌కు చూపించి, తర్వాత గోడకు పక్కపక్కన తగిలించాను. అటు పక్క సంతోషం, ఇటు పక్క మనకేమీ రాలేదన్న బాధ. ఇందులో ఏది అబద్ధం అని అడిగితే తరగతి మొత్తం ఏదో ఒకదాన్ని వేలెత్తి చూపించింది. రెండూ నిజమే అని చెప్తే వాళ్ళకు మింగుడు పడలేదు. ఎవరు చదువుతారో వాళ్ళకు కావాల్సింది పైన పెట్టారు అని ఒకమ్మాయి నెమ్మదిగా తేల్చింది. అబద్ధం లేకుండా కూడా ఒకవైపే చూపించొచ్చని వాళ్ళకు తెలిసిన ఆ పీరియడే మొత్తం ఆరు నెలల్లో నాకు బాగా తృప్తినిచ్చింది.

దసరా సెలవులు, తర్వాత ఎస్‌ఏ-1 పరీక్షలు, పాఠం దాదాపు నెల రోజులు ఆగింది. తిరిగి మొదలయ్యేసరికి నేను ఊహించని సమస్య వచ్చి కూర్చుంది. పిల్లలు ఇప్పుడు దేన్నీ నమ్మట్లేదు. ఏది చూపించినా "ఫేక్ మేడం". దీపావళి తర్వాత ఏఎన్‌ఎం (ఊళ్ళో తిరిగే ప్రభుత్వ నర్సు) వచ్చి వారం వారం ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రలు పంచుతుంటే, ఒకమ్మాయి చేయి వెనక్కి తీసుకుంది. "ఇవి కూడా ఎవరో అమ్ముకోనీకే కదా మేడం, వీటిల ఏం చెప్పలేదో మనకేం తెల్సు?" నేను నేర్పిన ప్రశ్నే. రక్తం తక్కువగా ఉన్న పిల్ల అది, ముఖం తెల్లగా పాలిపోయి ఉంటుంది. నాకు నిజంగా టెన్షన్ పట్టుకుంది. అనుమానం నాలుగు వారాల్లో వచ్చేస్తుంది, నమ్మకం ఎలా పెట్టుకోవాలో నేర్పడానికి అంతకు రెండింతలు పడుతుందని అప్పుడు తెలిసింది. ఎవరూ ఈ సంగతి ముందు చెప్పరు, అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను.

ఏఎన్‌ఎం అక్కనే తరగతికి పిలిచాను. ఆమె మాత్రల అట్ట మీద బ్యాచ్ నంబర్, ఎక్స్‌పైరీ తేదీ చూపించి, అవి ఏ స్టోర్ నుంచి వస్తాయో, ఎవరి సంతకంతో వస్తాయో, ఎవరికైనా వాంతులైతే తను ఎక్కడ రాయాలో రిజిస్టర్ తెరిచి చూపించింది. తప్పు జరిగితే జవాబు చెప్పే మనిషి ఉన్నారా అన్నది పిల్లలకు అప్పుడు అర్థమైంది. ఆ పిల్ల మాత్ర వేసుకుంది. తర్వాతి వారం మా మండలంలో ఒక పేపర్‌కు కంట్రిబ్యూటర్‌గా, అంటే స్థానిక విలేకరిగా పనిచేసే ఆయన్ని పిలిచాను. వార్త రాసి పేపర్ ఆఫీసులో దిద్దే డెస్క్‌కు పంపడం, అక్కడ ఫోన్ చేసి అడగడం, తప్పు పడితే మర్నాడు సవరణ వేయడం, అంతా చెప్పారు. జీతం ఉండదని, యాడ్‌లు తేవాల్సి ఉంటుందని కూడా దాచకుండా చెప్పారు. అప్పుడు నేను పెయిడ్ న్యూస్ (డబ్బు తీసుకొని యాడ్‌ను వార్తలా వేయడం) సంగతి, 2010లో పత్రికల తీరు చూసే ప్రెస్ కౌన్సిల్ కోసం దాని మీద రిపోర్టు రాసిన ఇద్దరిలో ఒకరు మన తెలుగు జర్నలిస్టు కె. శ్రీనివాస్ రెడ్డి అని చెప్పాను. ఈ వృత్తిలోని తప్పును ఈ వృత్తిలోని వాళ్ళే బయటపెట్టారన్న మాట పిల్లలకు బాగా పట్టింది.

నవంబరు 28న ఇంకో పాఠం తనంతట తానే వచ్చింది. పదో తరగతిలో 20 ఇంటర్నల్ మార్కులు తీసేసి 100 మార్కులకూ పరీక్షే పెడతామని, అది ఈ విద్యా సంవత్సరం నుంచేనని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. మర్నాడే, కాదు, 2025-26 నుంచి అన్నారు. అంటే సరిగ్గా మా పిల్లలు పదిలోకి వచ్చే ఏడాది. రెండు రోజులూ నోట్‌బుక్‌లలో ఇదే. సగం మంది మొదటిది ఫేక్ అని రాసేశారు. రెండు ఉత్తర్వులూ ప్రింట్ తీసి చూపించాను. మొదటిది అబద్ధం కాదు, మారింది. తేదీ చూడకపోతే నిజం కూడా అబద్ధంలాగే కనిపిస్తుంది. అదే నెల 13న కోచింగ్ సెంటర్ల యాడ్‌ల మీద కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. ర్యాంకర్ ఫొటో వేస్తే ఆ విద్యార్థి ఏ కోర్సు, ఎన్నాళ్ళు చదివాడో చెప్పాలని. ఆ తర్వాత పిల్లలు ర్యాంకుల యాడ్‌లు ఏరి తెచ్చి, ఆ ముక్క ఎక్కడుందో భూతద్దం పెట్టి వెతికారు. దీన్ని ఎక్కువ సాగదీయలేదు, ఒక పీరియడ్‌లో అయిపోయింది.

ఇంట్లో గొడవ రాలేదా అంటే, వచ్చింది. ఒక పిల్లవాడు కుటుంబం గ్రూపులో వాళ్ళ పెద్దనాయిన పంపిన మెసేజ్ కింద ఇది అబద్ధం అని పెట్టేశాడు. ఆయన నేరుగా బడికి వచ్చి, మీరు పిల్లలకు పెద్దల్ని ఎదిరించడం నేర్పుతున్నరా అన్నారు. కుర్చీ వేసి, చాయ్ తెప్పించి, పిల్లవాడి నోట్‌బుక్ ఆయన చేతిలో పెట్టాను. పేజీలు తిప్పుతూ చాలాసేపు చదివారు. పోయేటప్పుడు, "నాకే చెప్తే అయిపోవు కదా, అందరి ముందర ఎందుకు" అన్నారు. ఆయన మాట న్యాయం. ఆ వారమే తరగతిలో పిల్లలతో ఆడించి చూపించాను: గ్రూపులో కాదు, విడిగా, "పెద్దనాయినా, ఇది పాత వీడియో అనుకుంట, ఒకసారి చూస్తవా" అని. ఆధారం పక్కన పెట్టి. ఏది నిజమో ఏది అబద్ధమో తేల్చే ఫ్యాక్ట్‌లీ లాంటి హైదరాబాద్ సంస్థలు తెలుగులోనే రాస్తాయి కాబట్టి పెద్దవాళ్ళు తామే చదువుకోగలరు, అది చాలా ఉపయోగపడింది.

డిసెంబరు 4 ఉదయం 7:27కు ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూకంపం, హైదరాబాద్ దాకా తెలిసింది. సాయంత్రానికి మెసేజ్ తయారు: ఈ రాత్రి 11 గంటలకు హైదరాబాద్‌లో ఇంకా పెద్దది వస్తుంది, ఎవరూ ఇళ్ళల్లో పడుకోవద్దు. భూకంపం ఏ గంటకు వస్తుందో ముందే చెప్పే పద్ధతి ప్రపంచంలో ఎవరి దగ్గరా లేదని మర్నాడు చెప్పాను, పిల్లలు కూడా అప్పటికే చాలామంది ఫేక్ అని రాసుకున్నారు. డిసెంబరు 7, శనివారం. మధ్యాహ్నం పన్నెండుంబావుకు మా మహబూబ్‌నగర్ జిల్లాలోనే 3.0 తీవ్రతతో కంపించింది. చివరి పీరియడ్‌కు తరగతిలో అడుగు పెట్టగానే ఒకటే గోల. "మేడం, మీరు రాదన్నరు, వచ్చింది కదా! వాట్సాప్‌ల చెప్పిందే నిజం!"

నేనేమీ చెప్పలేదు. నోట్‌బుక్‌లు తీసి ఆ మెసేజ్ గట్టిగా చదవమన్నాను. చదివారు. ఏ ఊరన్నారు? హైదరాబాద్. ఎప్పుడన్నారు? బుధవారం రాత్రి పదకొండు. ఎంతన్నారు? ఇంకా పెద్దది. వచ్చిందెక్కడ, ఎప్పుడు, ఎంత? జీజే నంబర్ పట్టిన పిల్లవాడే బోర్డు దగ్గరికి వచ్చి రెండు గళ్ళు గీసి అటూ ఇటూ రాశాడు. ఒక్కటీ కలవలేదు. "అయితే మేడం, ఎప్పుడో ఎక్కడో ఏదో వస్తదని నేను కూడా చెప్పొచ్చు" అన్నాడు. పీరియడ్ అయిపోయినా ఆ రోజు ఎవరూ బ్యాగులు సర్దుకోలేదు.

ఖర్చు లెక్క: నోట్‌బుక్‌లు, పేపర్లు, జిరాక్స్, పెన్‌డ్రైవ్, డేటా ప్యాక్‌లు అన్నీ కలిపి మూడు వేల పైచిలుకు, అంతా నా జేబులోంచే. పేపర్లకు పాతవి చాలు, రోజూ కొనక్కర్లేదు. అనుమతి నోటి మాటగా కాకుండా కాగితం మీద తీసుకోండి, తల్లిదండ్రుల మీటింగ్‌లో మినిట్స్ బుక్‌లో కూడా రాయించండి, పెద్దనాయిన వచ్చిన రోజు నాకు అదే అండగా నిలబడింది. సంక్రాంతి సెలవుల తర్వాత ఎనిమిదో తరగతికి మొదలుపెడుతున్నాను, ఈసారి ఏఎన్‌ఎం అక్కను, కంట్రిబ్యూటర్‌ను రెండో నెలలోనే పిలుస్తున్నాను.